గొంతు ఒకటి, పియానో ఒకటి: చిన్న హాలు కచేరీ వెనకున్న పెద్ద లెక్క

2007 నవంబరు చివర్లో, వెస్ట్ హాలీవుడ్‌లోని ట్రుబడోర్ క్లబ్బులో, తమ పాటలు తామే రాసుకుని పాడే అమెరికన్ గాయకులు కరోల్ కింగ్ పియానోతో, జేమ్స్ టేలర్ గిటారుతో మూడు రాత్రులు పాడారు. అప్పటికి ఆమెకు 65 ఏళ్లు, ఆయనకు 59. క్లబ్బు పెట్టి 50 ఏళ్లయిన సందర్భం. 1970లో ఇద్దరూ కలిసి వేదికెక్కిన చోటు కూడా అదే. హాల్లో పట్టేది సుమారు 500 మంది. 1971లో వచ్చిన ‘టేపెస్ట్రీ’ ఆల్బమ్‌తో అమెరికాలో వరసగా 15 వారాలు మొదటి స్థానంలో నిలిచిన గాయనికి ఇది చాలా చిన్న చోటు. అంతకు ముందు, 2004-05లో, ఆమె వేదిక మీద సోఫా, దీపాలు, కుండీ మొక్కలు పెట్టించి, ఇంటి హాల్లో కూర్చుని పాడుతున్నట్టుగా ఒక టూరంతా నడిపింది. ఇద్దరు గిటారిస్టులు తప్ప ఆ వేదిక మీద పెద్ద బృందం లేదు.

ఇలాంటి కచేరీల రికార్డింగులు విన్నవాళ్లు మామూలుగా అనే మాట ఒకటుంది: ‘ఏముంది, పియానో, గొంతు, అంతే.’ ఆ ‘అంతే’ దగ్గరే అసలు చిక్కు. స్టేడియంలో 20 మంది వాయిస్తుంటే ఒకరి తప్పు ఇంకొకరి మోతలో కలిసిపోతుంది. ఇక్కడ రెండే శబ్దాలు. ఆ రెండూ ఒకే మనిషి నుంచి, ఒకే చోటు నుంచి, ఒకే క్షణంలో వస్తాయి. పైగా వాటిలో ఒకటి రెండోదాని కన్నా ఎప్పుడూ పెద్దది. పియానో ఎంపిక, మూత ఎత్తు, మైకు కోణం, ఎడమచేతి స్వరాలు, పాట శ్రుతి, హాల్లో తెరలు అన్నీ ఒక్క పని కోసమే: పియానోను గొంతు కింద ఉంచడం. ఈ ఒక్కటి కుదిరితే మిగతావి చాలావరకు కుదురుతాయి. ఇది కుదరకపోతే ఎంత ఖరీదైన సామాను తెచ్చినా జనానికి పాట మాటలు వినపడవు.

పియానోదే పైచేయి

మనిషి మామూలుగా మాట్లాడితే మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. మెల్లగా పాడితే అంతకు కొంచెం ఎక్కువ. గ్రాండ్ పియానో మీద ఒక మోస్తరు బలంతో వాయించినా వాయించేవాళ్ల చెవి దగ్గర 85 దాటుతుంది. ఒపెరా గాయకులు మైకు లేకుండానే ఆర్కెస్ట్రాను దాటి వినపడతారు. దానికి కారణం, ఏళ్ల సాధనతో వాళ్లు 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల గొంతు శక్తిని గుమిగూడేలా చేసుకుంటారు. పాట రాసి తనే పాడుకునే మనిషికి ఆ సాధన ఉండదు, ఉంటే పాట చెడుతుంది కూడా. ఈ పాటలకు కావలసింది పక్కన కూర్చుని చెబుతున్నట్టుండే గొంతు. కాబట్టి ఎంత చిన్న హాలైనా మైకు తప్పదు. ‘సన్నిహితంగా ఉండాలి, మైకు వద్దు’ అనుకునే నిర్వాహకులు మొదటి పాటలోనే ఇబ్బంది పడతారు, ఎందుకంటే గాయకులు గొంతు పెంచుతారు, గొంతు పెరిగితే దగ్గరితనం పోతుంది.

పియానో సైజుతోనే ఈ లెక్క మొదలవుతుంది. పెద్ద కచేరీ హాళ్లలో కనిపించే స్టైన్‌వే డి పొడవు 274 సెంటీమీటర్లు, బరువు సుమారు 480 కిలోలు. 500 మంది హాలుకు అది అనవసరం. యమహా సీ3 తరగతి (186 సెంటీమీటర్లు, 320 కిలోలు) నుంచి స్టైన్‌వే బీ (211 సెంటీమీటర్లు) దాకా ఏదైనా సరిపోతుంది. మరీ చిన్న బేబీ గ్రాండ్ మాత్రం వద్దు. మంద్ర తీగలు పొట్టివైతే వాటి ఉపస్వరాలు (అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరాలు) అసలు లెక్క తప్పి కాస్త ఎక్కువ శ్రుతిలో పలుకుతాయి. ఎడమచేయే బేస్ గిటారు పని చేయాల్సిన కచేరీలో ఆ మసక స్వరాల మీద గొంతు నిలబడదు.

తీగలు, తేమ, ఏసీ

పియానోలో 88 మెట్లకు, అంటే వేళ్లతో నొక్కే కీలకు, సుమారు 230 తీగలుంటాయి. మంద్రంలో మెట్టుకు ఒకటి, తర్వాత రెండు, మధ్య నుంచి పైకి మూడేసి. వాటన్నిటి లాగుడు కలిపి 18 నుంచి 20 టన్నులు. ట్యూనర్‌కు ఒక పూట పని: గంటన్నర నుంచి రెండు గంటలు. వినేవాళ్లకు ముందుగా తెలిసే లోపం మెట్టుకీ మెట్టుకీ మధ్య శ్రుతి తేడా కాదు, ఒకే మెట్టు మూడు తీగల మధ్య తేడా. ఆ మూడింటిలో ఒకటి 440 హెర్ట్జ్ (సెకనుకు 440 కంపనాలు) దగ్గర, ఇంకొకటి 441 దగ్గర ఉంటే సెకనుకు ఒకసారి స్వరం ఊగుతుంది. బృందంలో ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఒంటరి పియానో మీద, నెమ్మదైన పాటలో, స్వరాన్ని సాగదీసే కాలి పెడల్ నొక్కి ఉంచినప్పుడు అది హాలంతా వినపడుతుంది.

ట్యూనింగ్ ఎప్పుడు చేయాలన్నది ఎలా చేయాలన్నంత ముఖ్యం. పియానో ముందు రోజే హాలుకు రావాలి. మూత తీసి, కచేరీ వేళ ఉండే చల్లదనంలోనే ఏసీ నడుపుతూ దాన్ని రాత్రంతా వదలాలి. తీగ వేడికి సాగి వెంటనే శ్రుతి దిగుతుంది. వేదిక లైట్లు నేరుగా తీగల మీద పడితే అరగంటలో తేడా వచ్చేస్తుంది. కింద ఉండి తీగల శబ్దాన్ని పెద్దది చేసే చెక్క పలక, సౌండ్‌బోర్డు, అలా కాదు, అది తేమకు నెమ్మదిగా, రోజుల తరబడి కదులుతుంది. తేమ పెరిగితే చెక్క ఉబ్బి పైకి వంగుతుంది, తీగలు బిగుస్తాయి, మధ్య స్థాయి స్వరాలు అన్నిటికన్నా ఎక్కువగా పైకెక్కుతాయి. అంటే పియానో మొత్తం ఒకేలా ఎక్కదు, పొట్ట దగ్గర ఎక్కువ, అంచుల్లో తక్కువ. గొంతు తిరిగేది సరిగ్గా ఆ మధ్య స్థాయిలోనే.

గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉంటే పియానోకు మేలు. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో అంత తక్కువ తేమ ఏసీ లేకుండా దొరకదు. హైదరాబాదులో ఏప్రిల్ ఎండకూ ఆగస్టు వానకూ మధ్య తేడానే పియానోను తిప్పలు పెడుతుంది. సౌండ్‌బోర్డు కింద బిగించే తేమ నియంత్రణ పరికరం కొంత కాపాడుతుంది. దానికన్నా ముందు చేయాల్సింది, ట్యూనింగ్ మొదలైనప్పటి నుంచి కచేరీ అయ్యేదాకా ఏసీని ఒకే చోట ఉంచడం. కరెంటు ఆదా కోసం మధ్యాహ్నం ఏసీ ఆపి, జనం వచ్చే ముందు మళ్లీ వేసే హాళ్లలో ట్యూనర్ పొద్దుటి పని సగం వృథా. సౌండ్ చెక్ (కచేరీకి ముందు మైకులు, స్పీకర్లు సరిచూసుకోవడం) అయ్యాక 20 నిమిషాలు, విరామంలో 10 నిమిషాలు ట్యూనర్ చేతికి పియానోను మళ్లీ ఇవ్వాలి. ఆ సమయం ముందే కార్యక్రమంలో రాసి పెట్టకపోతే దొరకదు.

ఇంకో చిన్న పని తరచుగా మరిచిపోతారు: పెడల్ కిర్రుమనడం, స్టూలు కీచుమనడం. తీగల దగ్గర పెట్టిన మైకుకు ఇవి స్వరాలంత స్పష్టంగా చేరతాయి. సౌండ్ చెక్‌లో ఏ స్వరమూ వాయించకుండా పెడల్ ఒక్కటే పదిసార్లు తొక్కించి వినాలి. సుత్తుల మీది ఉన్ని గట్టిపడి ఉంటే ట్యూనర్ సూదులతో గుచ్చి మెత్తన చేస్తాడు. గట్టి ఉన్నితో స్వరానికి పదునైన మెరుపు వస్తుంది, దూరం నుంచి వినే పెద్ద హాలుకు అది అవసరమే. మైకు దగ్గరగా పెట్టే చిన్న హాల్లో అది చెవికి గుచ్చుకుంటుంది, గొంతులోని స, శ, చ లాంటి అక్షరాలతో పోటీ పడుతుంది.

మూత ఎంత తెరవాలి, మైకు ఎటు చూడాలి

గ్రాండ్ పియానో మూతకు మూడు స్థితులు: పూర్తిగా ఎత్తడం, పొట్టి కర్ర మీద కొంచెం ఎత్తడం, మూసేయడం. పూర్తిగా ఎత్తితే శబ్దం కుడివైపు, అంటే జనం వైపు దూసుకొస్తుంది. 500 మంది హాల్లో ముందు నాలుగు వరసలకు స్పీకర్లు లేకుండానే పియానో సరిపోతుంది. అక్కడే తంటా: ఆ వరసల వాళ్లకు పియానో వేదిక మీది నుంచి, గొంతు పక్కనున్న స్పీకర్ల నుంచి వినపడుతుంది. ఒకే మనిషి రెండు ముక్కలైనట్టుంటుంది. అందుకే ఇలాంటి చోట పొట్టి కర్ర మేలు. వేదిక అంచున, ముందు వరసల వైపు, గొంతు మాత్రమే పలికే రెండు చిన్న స్పీకర్లు పెట్టాలి. పెద్ద స్పీకర్లు పియానోకన్నా 3 మీటర్లు ముందుంటే వాటి శబ్దాన్ని సుమారు 9 మిల్లీసెకన్లు ఆలస్యం చేయాలి, ఎందుకంటే ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లే నడుస్తుంది. చెవి ముందుగా చేరిన శబ్దం ఎటు నుంచి వచ్చిందో అటే మనిషి ఉన్నాడని నమ్ముతుంది. ఈ చిన్న ఆలస్యంతో జనం చూపు స్పీకరు మీదికి పోకుండా పాడే మనిషి మీదే ఉంటుంది. దగ్గరితనం అని మనం అనుకునేదానిలో చాలా భాగం ఈ 9 మిల్లీసెకన్ల పని.

గొంతు మైకు గురించి ఎక్కువ చెప్పుకోవాలి. పాడే మనిషి ముందు పియానో తీగలుంటాయి. మైకు నోటి వైపు చూస్తుంది కాబట్టి దాని వీపు తీగల వైపు ఉంటుంది. కార్డియాయిడ్ రకం మైకు తన వీపు వైపు, అంటే సరిగ్గా 180 డిగ్రీల దగ్గర, అతి తక్కువ వింటుంది. షూర్ ఎస్ఎమ్58 ఆ రకం. సూపర్‌కార్డియాయిడ్ ఇంకా సన్నగా వింటుంది కదా, మేలు అనుకుంటారు. దాని మూగ దిశ వీపు దగ్గర కాదు, సుమారు 126 డిగ్రీల దగ్గర, రెండు పక్కలా. నేరుగా వెనక అది కొంత వింటుంది. అంటే పియానో ముందు కూర్చున్న గాయకులకు చాలాసార్లు పాత కార్డియాయిడే సరైనది. మైకు స్టాండు పియానో ఒంటికి తగలకూడదు. తగిలితే పెడల్ దెబ్బ, కాలి తాళం ‘దబ్బు’మని మైకులోకి వస్తాయి.

నోటికీ మైకుకూ దూరం 5 సెంటీమీటర్లు ఉందనుకుందాం. పాడేవాళ్లు మెట్లు చూసుకోవడానికి తల దించితే అది 15 అవుతుంది. దూరం మూడింతలైతే గొంతు మట్టం 9.5 డెసిబెల్స్ పడిపోతుంది. పియానో మట్టం మాత్రం ఎక్కడిదక్కడే. పైగా దగ్గరగా ఉన్నప్పుడు ఇలాంటి మైకులు గొంతుకు మంద్రం కలిపి నిండుదనం తెస్తాయి, దూరమైతే అది కూడా పోతుంది. ఒక్క తల కదలికతో గొంతు చిన్నదవుతుంది, పలచబడుతుంది. అనుభవం ఉన్న పియానో గాయకులు చేతులు చూసుకోకుండా వాయించడం గొప్ప కోసం కాదు, వాళ్ల పాట మైకు ముందు నిలవడం కోసం. ఎడమచేయి దూరం దూకాల్సి వస్తే ఆ దూకుడును మాటల మధ్య ఖాళీలో పెట్టుకుంటారు.

పియానోకు రెండు చిన్న కండెన్సర్ మైకులు వాడడం ఎక్కువ. ఒకటి పై స్థాయి తీగల మీద, ఒకటి మంద్ర తీగల మీద, 15 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో. సుత్తులకు దగ్గర జరిపితే స్పష్టత పెరుగుతుంది, మెట్ల చప్పుడూ పెరుగుతుంది. మైకుల మధ్య దూరం, వాటి నుంచి తీగల దూరానికి మూడింతలైనా ఉండాలి. లేకపోతే రెండూ ఒకే స్వరాన్ని కాస్త తేడాతో విని, కలిపినప్పుడు కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వేదిక మీద మోత ఎక్కువైతే మూత మూసి, దాని లోపలి వైపు చదునైన బౌండరీ మైకు అంటించడం ఇంకో దారి. స్వరం కాస్త పెట్టెలో పలికినట్టుంటుంది, గొంతు మైకులోకి పియానో రావడం మాత్రం బాగా తగ్గుతుంది.

ఎంత చేసినా గొంతు మైకులోకి కొంత పియానో వస్తుంది. దాన్ని శత్రువులా చూడకూడదు. కొత్త సౌండ్ ఇంజినీర్లు చేసే పెద్ద పొరపాటు, పాట మధ్యలో గాయకులు ఆగి పియానో మాత్రమే వాయిస్తున్నప్పుడు గొంతు మైకును కట్టేయడం. ఆ మైకు ద్వారా వస్తున్న పియానో కూడా పోయి, వాయిద్యం రంగే ఒక్కసారిగా మారిపోతుంది. మైకును తెరిచే ఉంచి, పియానో స్వరూపాన్ని రెండు మైకులూ కలిసిన దానిగా లెక్కవేసుకోవాలి. కట్టేయాల్సింది ఇంకొకటి: పాటల మధ్య కబుర్లు చెబుతున్నప్పుడు గొంతు మీది ప్రతిధ్వనిని. ‘ఈ పాట ఎలా రాశానంటే’ అని మొదలుపెట్టిన మనిషి గుహలోంచి మాట్లాడినట్టు వినపడితే ఆ కబుర్లకున్న చనువంతా పోతుంది.

పాడేవాళ్లు తమ గొంతు తాము వినడానికి పెట్టే మానిటర్‌లో పియానో వేయకూడదు. పియానో వాళ్ల ఎదురుగానే ఉంది. మానిటర్‌లోంచి వచ్చిన పియానో మళ్లీ సౌండ్‌బోర్డును కదిలిస్తుంది, అది మళ్లీ పియానో మైకుల్లోకి వెళుతుంది, 150 నుంచి 400 హెర్ట్జ్ మధ్య ఎక్కడో హోరు మొదలవుతుంది. చాలామంది దీన్ని మైకు కీచుమనడంతో కలిపి గొంతులోనే ఏదో తగ్గిస్తారు, హోరు పోదు. మానిటర్‌లో పియానో పూర్తిగా తీసేసి చూస్తే చాలాసార్లు అక్కడికక్కడే ఆగుతుంది.

చేతులు గొంతుకు చోటివ్వడం

ఇక సంగీతం లోపలి లెక్క. మామూలు ఆడగొంతు పాట 220 నుంచి 523 హెర్ట్జ్ మధ్య తిరుగుతుందనుకుంటే, పియానో మీద కుడిచేయి హాయిగా పడే చోటు కూడా అదే. ఒకే చోట రెండూ పలికితే పెద్దది చిన్నదాన్ని కప్పేస్తుంది. మైకులో గొంతు పెంచడం దీనికి మందు కాదు. వాయించే మనిషే మాట పలికేటప్పుడు కుడిచేతిని పలచన చేసి, మాట ఆగిన చోట నింపాలి. కరోల్ కింగ్ వాయింపులో చూడదగ్గది ఇదే. ఆమె పియానో చాలాసార్లు గొంతుకు జవాబు చెబుతుంది, గొంతుతో కలిసి అదే మాట అనదు.

ఆమె తరచుగా వాడే ఒక కూర్పు ఉంది. షడ్జమానికి తిరిగొచ్చే ముందు, ఎడమచేత పంచమం పట్టుకుని కుడిచేత మధ్యమం మీది త్రయాన్ని వేయడం. సీ శ్రుతిలో అయితే ఎడమ చేతిలో జీ, కుడి చేతిలో ఎఫ్, ఏ, సీ. మామూలు పద్ధతిలో ఇక్కడ బీ, అంటే నిషాదం ఉంటుంది, అది షడ్జమం వైపు గట్టిగా తోస్తుంది. ఈ కూర్పులో నిషాదమే లేదు. గొంతు తొందరపడకుండా తన వేగంలో ఇంటికి చేరవచ్చు. అమెరికా నల్లజాతి చర్చిల గాస్పెల్ పాటల నుంచి వచ్చిన అలవాటు ఇది, వయసు మళ్లిన గొంతుకు మరీ కలిసొస్తుంది, ఎందుకంటే పై స్వరాన్ని సరిగ్గా ఒక్క క్షణంలో పట్టుకోవాల్సిన ఒత్తిడి ఉండదు.

శ్రుతి దించడం

వయసుతో స్వరతంత్రుల సాగుడు తగ్గుతుంది, ఊపిరి పట్టు తగ్గుతుంది. స్త్రీల గొంతు నడివయసు దాటాక కొంత మందగించి కిందికి దిగుతుంది. ముందుగా పోయేవి పై స్వరాలు. శస్త్రచికిత్స కూడా ఇదే పని చేయవచ్చు. బ్రిటిష్ పియానో గాయకుడు ఎల్టన్ జాన్‌కు 1987 జనవరిలో ఆస్ట్రేలియాలో గొంతు ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఆయన గొంతు లోతుగా మారింది. యవ్వనంలో రాసుకున్న పాటలు అదే మనిషికి ఎత్తుగా అనిపించడం అక్కడి నుంచి మొదలు.

దారులు మూడు. పై స్వరం ఉన్న చోట వరస మార్చి కింది స్వరం పాడడం, ఆ స్వరాన్ని జనానికో తోడు గొంతుకో వదిలేయడం, పాట మొత్తాన్ని కింది శ్రుతికి తేవడం. మొదటి రెండూ అప్పటికప్పుడు ఆదుకుంటాయి, కానీ అభిమానులకు ప్రతి మలుపూ కంఠతా వచ్చిన పాటలో అవి తేలిగ్గా పట్టుబడతాయి. మూడోదే నిజాయితీ గల దారి. విన్నవాళ్లలో చాలామంది శ్రుతి దిగిందని గుర్తే పట్టరు.

మన సంగీతంలో ఇది వింత కాదు. కర్ణాటక గాయని వయసుతో పాటు ఐదు శ్రుతి నుంచి నాలుగున్నరకో నాలుగుకో దిగితే తంబుర, వయొలిన్ దించుకుంటారు, మృదంగం ఆ శ్రుతిది ఇంకొకటి తెచ్చుకుంటారు. వేళ్ల పని ఎవరికీ మారదు. హార్మోనియంలోనూ స్కేల్ చేంజర్ రకం ఉంటే మెట్ల పలకను పక్కకు జరిపి అవే వేళ్లతో కొత్త శ్రుతిలో వాయించవచ్చు. పియానోలో అలాంటి వెసులుబాటు లేదు. అమెరికన్ పాటల రచయిత ఇర్వింగ్ బెర్లిన్ తనకు వచ్చిన ఒకే శ్రుతిలో, ఎక్కువగా నల్ల మెట్ల మీద వాయిస్తూ, కింద ఉన్న మీట తిప్పి శ్రుతి మార్చుకునే ప్రత్యేక పియానో చేయించుకున్నాడు. అవి అరుదు. ఎలక్ట్రానిక్ పియానోలో బొటనవేలంత బటనుతో పని అయిపోతుంది, కానీ అసలు పియానో ముందు కూర్చున్న మనిషి వేళ్లకు 40 ఏళ్లుగా అలవాటైన దారంతా మార్చుకోవాలి.

ఒక పాటను దగ్గరగా చూద్దాం. స్నేహితులకు ధైర్యం చెప్పే కరోల్ కింగ్ ప్రసిద్ధ గీతం ‘యూ హావ్ గాట్ ఎ ఫ్రెండ్’ ఆమె ఆల్బమ్‌లో ఏ ఫ్లాట్ మేజర్‌లో, అంటే ఐదున్నర శ్రుతిలో ఉంటుంది. జేమ్స్ టేలర్ రికార్డింగులో ఏ మేజర్, ఆరు శ్రుతి. ఈ అర శ్రుతి (పియానో మీద తెల్లవీ నల్లవీ కలిపి పక్కపక్క మెట్ల మధ్య దూరం) తేడా వాళ్ల గొంతుల వల్లే కాదు, వాయిద్యాల వల్ల కూడా. ఏ ఫ్లాట్‌లో నాలుగు నల్ల మెట్లుంటాయి, పియానో మీద పొడుగు వేళ్లు వాటి మీద సహజంగా కూర్చుంటాయి. గిటారు మీద అది ఇబ్బంది. రెండో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే బిగింపు) బిగించి జీ ఆకారాలు పట్టుకుంటే ఏ వస్తుంది, ఖాళీ తీగలు మోగుతాయి.

ఇప్పుడు ఏ ఫ్లాట్ పాటను దించాలనుకుందాం. అర శ్రుతి దించితే జీ. ఒక్క నల్ల మెట్టు మాత్రమే ఉన్న శ్రుతి. గొంతుకు దొరికే లాభం చిన్నది, వేళ్లకు పడే శ్రమ పెద్దది, ఎందుకంటే చేయి ఆకారం మొత్తం మారిపోతుంది. పూర్తి శ్రుతి దించితే జీ ఫ్లాట్. కాగితం మీద ఆరు ఫ్లాట్లతో భయపెడుతుంది, చేతికి మాత్రం పాత ఏ ఫ్లాట్‌కు దగ్గరి చుట్టం, ఐదు నల్ల మెట్లు. గొంతుకు రెట్టింపు ఊరట: పాటలో పై స్వరం 523 హెర్ట్జ్ అయితే అర శ్రుతి దించితే 494, పూర్తి శ్రుతి దించితే 466. నా లెక్కలో నల్ల మెట్ల పాటలకు పూర్తి శ్రుతి దించడమే రెండు విధాలా లాభం.

దించాక ఎడమచేతిని ఉన్నదున్నట్టు వదిలేయడంలో ఒక ప్రమాదం ఉంది. మంద్రంలో షడ్జమం, గాంధారం పక్కపక్కన వేస్తే, సుమారు 131 హెర్ట్జ్ కిందికి పోయాక అవి బురదలా కలిసిపోతాయి. ముందు సరిగ్గా ఆ హద్దు మీద ఉన్న కూర్పు, పూర్తి శ్రుతి దిగేసరికి హద్దు కిందికి పోతుంది. జనం ‘ఇవాళ సౌండు మందంగా ఉంది’ అంటారు, ఇంజినీరు మంద్రం తగ్గిస్తాడు, పియానో డొల్లగా మారుతుంది, అసలు కారణం చేతిలోనే ఉండిపోతుంది. విరుగుడు తేలిక: ఎడమచేత షడ్జమం, పంచమం మాత్రమే ఉంచి గాంధారాన్ని కుడిచేతికి ఎక్కించాలి. పెడల్ కూడా పూర్తిగా కాక సగం తొక్కాలి. ఈ మార్పులన్నీ కచేరీకి కనీసం కొన్ని వారాల ముందే చేతికి ఎక్కాలి. సౌండ్ చెక్‌లో శ్రుతి దించుదామనుకున్న వాళ్లు రెండో చరణంలో పాత శ్రుతి మెట్టు నొక్కుతారు. వేళ్లకు గుర్తున్నది అదే మరి.

గది లెక్క

చిన్న హాలంటే మంచి హాలని కాదు. 20 మీటర్ల పొడవు, 12 వెడల్పు, 5 ఎత్తున్న గది తీసుకుందాం: 1,200 ఘనపు మీటర్లు. గోడలు, నేల, పైకప్పు కలిపి 800 చదరపు మీటర్లు. సున్నం గోడలు, నున్నటి నేల శబ్దాన్ని 5 శాతమే పీల్చుకుంటాయనుకుంటే మొత్తం పీల్చుడు 40. ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి పీల్చుడుతో భాగిస్తే మోత ఎంతసేపుంటుందో వస్తుంది: సుమారు 4.8 సెకన్లు. మన ఊళ్లలో ఫంక్షన్ హాళ్లు దాదాపు ఇలాంటివే, అందులో పాట మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. 250 మంది కూర్చుంటే మనిషికి 0.45 చొప్పున ఇంకో 112 కలుస్తుంది, మోత 1.3 సెకన్లకు దిగుతుంది. మడతలు పడేలా 150 చదరపు మీటర్ల బరువైన తెరలు గోడలకు కట్టిస్తే 0.9కు వస్తుంది. పియానో, గొంతు కచేరీకి 0.6 నుంచి 0.9 మధ్య బాగుంటుంది.

ఈ లెక్కలోంచే ఇంకో సంగతి: ఖాళీ హాల్లో సౌండ్ చెక్ చేసినప్పుడు మోత ఎక్కువగా, మెరుపు ఎక్కువగా ఉంటుంది. అది చూసి మెరుపు తగ్గించేస్తే, జనం నిండాక గొంతు మూగబోతుంది. కాస్త ఎక్కువ మెరుపుతో ఆపి, మొదటి పాటలో సర్దుకోవడం మేలు. ఏసీ హోరు, సీలింగ్ ఫ్యాన్లు, బయటి జనరేటరు, బార్ ఉన్న క్లబ్బుల్లో గ్లాసుల చప్పుడు, ఇవన్నీ మెల్లగా పాడే స్వరం మట్టంలోనే ఉంటాయి. కాబట్టి మెల్లటి పాటలప్పుడు సర్వీసు ఆపేలా ముందే మాట్లాడుకోవాలి.

పాటల వరస

90 నిమిషాల కచేరీకి కబుర్లతో కలిపి 16 నుంచి 18 పాటలు పడతాయి. అన్నిటికన్నా ఎత్తైన పాట మొదట పెట్టకూడదు, గొంతు వేడెక్కి ఉండదు. చివర్న కూడా పెట్టకూడదు, అలసిపోయి ఉంటుంది. నాలుగో పాట నుంచి ఏడో పాట మధ్య దానికి సరైన చోటు. వేగంగా, గట్టిగా వాయించే పాట తర్వాత నేరుగా ఎత్తైన పాట వస్తే ఊపిరి చాలదు, మధ్యలో రెండు నిమిషాల కబురు ఉండాలి. జనానికి అది జ్ఞాపకం, పాడేవాళ్లకు విశ్రాంతి. ఒకే శ్రుతిలో, ఒకే నడకలో రెండు పాటలు పక్కపక్కన పడితే రెండోది ఎంత మంచిదైనా తేలిపోతుంది. శ్రుతి దించిన పాటల పక్కన, దించని పాట ఒకటి పెట్టాలి, లేకపోతే కచేరీ మొత్తం కిందే నడుస్తున్నట్టు చెవికి అనిపిస్తుంది.

జనం అడిగేది ఖాయంగా తెలిసిన పాటను మళ్లీ వేదికెక్కి పాడే భాగానికి దాచుకుంటారు. దాన్ని మిగతావాటికన్నా ఇంకో అర శ్రుతి కింద సాధన చేసి పెట్టుకోవడం తెలివైన పని, ఎందుకంటే అప్పటికి గొంతు గంటన్నర పాడి ఉంటుంది, జనం కూడా కలిసి పాడతారు, మామూలు మగ గొంతులకు, ఆడ గొంతులకు ఆ కింది శ్రుతే అందుతుంది. ఆ పాటకు ముందే ఇంజినీరు హాలు స్పీకర్లలో పియానోను రెండు మూడు డెసిబెల్స్ పెంచాలి: 500 మంది కలిసి పాడితే ఈసారి వినపడకుండా పోయేది గొంతు కాదు, పియానో.